నా మీద ఏరు ఉంది

గురువారం కాబట్టి బఠాణీ సూపు.
గిన్నె అంచున ఆవముద్ద,
పక్కన చెప్పు అట్టలాంటి నల్లటి రై రొట్టె.
కయానీ ఆసుపత్రి నాలుగో అంతస్తులో
మధ్యాహ్నం మూడింటికే దీపాలు వేసేశారు.
ట్రేల బండి నాది. ఒక చక్రం కిచకిచమంటుంది,
నాకంటే ముందే గదుల్లోకి వెళ్ళిపోతుంది.

ఆరో గదిలో తావెత్తి మొయిలనెన్.
ఇరవై వేసవులు ఏట్లో దుంగలు తోలిన మనిషి.
సెప్టెంబరులో తలలో ఏదో నరం చిట్లింది.
అప్పట్నుంచి మాటలు
ఒకదాని మీదొకటి ఎక్కి
గొంతు మలుపులో అడ్డం పడ్డాయి.
నీళ్ళు మాత్రం కిందనుంచి పారుతున్నట్టే ఉంటుంది
ఆయన కళ్ళు చూస్తే.

సనెల్మా రోజూ వస్తుంది, బొమ్మల అట్టలు పట్టుకుని.
గిన్నె బొమ్మ ఎత్తి చూపించి
"మినుల్లా ఓన్..." అని సగం అందించి
ఆగుతుంది.
మిగతా సగం న్యాల్కా. ఆకలి.
కొత్తలో ఆ మాట విని నేను నాలుక అనుకున్నాను.
పెద్ద తప్పేమీ కాదు.

బల్ల మీద రొట్టె ఉంది.
నా మీద ఆకలి ఉంది.
ఈ భాషలో రెంటికీ ఒకటే విభక్తి.
ఎవరో తెచ్చి పెట్టారు,
తినేశాక ఎవరో తీసేస్తారు అన్నట్టు.
మనకేమో ఆకలి వేస్తుంది, చలి వేస్తుంది,
తాళం వేసినట్టు, దోమతెర వేసినట్టు.
వేసిన చెయ్యి ఇక్కడా కనపడదు, అక్కడా కనపడదు.

ఇవాళ నీళ్ళ గ్లాసు బొమ్మ.
యానో అనాలి. దాహం.
ఆయన పెదవులు 'య' దాకా వచ్చి
కాలుజారి పక్కకు పోయాయి.
"మినుల్లా ఓన్ యోకి."
నా మీద ఏరు ఉంది.

సనెల్మా తప్పు గుర్తు పెట్టబోయి
పెన్నుకి మూత పెట్టేసింది.
కిటికీ అవతల ఏరు అంచుల్లో గడ్డకడుతోంది,
నడిమధ్య ఇంకా నల్లగా కదులుతోంది.

ఔనె ఆయన భార్య. రోజూ రెండు బస్సులు మారి వస్తుంది.
ఆయన గడ్డం తుడుస్తూ నాతో అంది,
నాతోనో, తువ్వాలుతోనో:
"యాభై ఒక్క ఏళ్ళలో ఈయన నాకు చెప్పినవి మూడే.
ఆకలి. చలి. నడుం నొప్పి.
మిగతావి నేనే వాటిల్లో సర్దుకున్నాను.
చలి అన్న రోజుల్లో కొన్ని
అసలు చలి ఉండేది కాదు."

ఉన్ని మేజోళ్ళు ఆయన కాళ్ళకి తొడిగింది.
ఎడమ కాలికి తెలుస్తుంది, కుడి కాలికి తెలియదు,
అయినా కుడికాలి మేజోడే
రెండుసార్లు సరిచేసింది.

అప్పుడన్నాడు. ఎవరూ అట్ట చూపించలేదు.
ఎవరూ సగం అందించలేదు.
"మినుఆ."
నన్ను.

నాకు ఒళ్ళు ఝల్లుమంది.
ఈ మాట తర్వాత ఏం రావాలో
సాయంత్రం తరగతిలో బట్టీపట్టాను.
నన్ను నిద్రపుచ్చుతోంది. నన్ను వణికిస్తోంది.
నన్ను నవ్విస్తోంది, నన్ను ఏడిపిస్తోంది.
ఏది? ఎవరు? అని అడిగితే
టీచరు భుజాలెగరేసింది.
వాక్యంలో కర్త ఉండడు.
ఏడుపు బయటెక్కడో బయల్దేరి
మనిషి దొరికేదాకా నడిచి వస్తుంది, అంతే.

సనెల్మా అట్టలు గబగబా వెతికింది.
నిద్ర ఉంది. చలి ఉంది.
నవ్వు ముఖం ఒకటి, కన్నీటి బొట్టు ముఖం ఒకటి.
ఒక్కొక్కటే దుప్పటి మీద పరిచింది.
ఆయన వాటివైపు చూడలేదు.
ఔనె వైపూ చూడలేదు.
కిటికీలోకి చూశాడు,
అద్దంలో మా నలుగురం, మా వెనక చీకటి.

ఔనె అట్టలన్నీ పోగుచేసి రబ్బరుబ్యాండు వేసింది.
రొట్టె విరిచి సూపులో ముంచింది,
మెత్తబడిందో లేదోనని ముందు తనే కొరికి చూసింది.
సూపు చల్లారిపోయిందంది.

గిన్నె పట్టుకుని వంటగదికి పోయి
వేడి చేయించి తెచ్చేసరికి
గదిలో ఎవరూ ఏమీ అనలేదు.
నన్ను, అన్నది
ఇంకా అక్కడే ఉంది,
మంచం మీద, ఆయన పక్కన,
ఆకలితో.